స్తంభాల్లేని చోటు

తెల్లారుజామున నాలుక్కి ఉదయగిరి కొండకింద
అరవైముగ్గురం, నెత్తిన దీపాలు కట్టుకొని.
రెండువందల పది కిలోమీటర్లు. ముప్పై గంటల గడువు.
ఈల ఊదినాయన ముందే చెప్పేశాడు:
"సగంమంది దిగిపోతారు. దిగినా తప్పేం లేదు."
నా చొక్కా మీద ముప్పై ఎనిమిది.
నా సైకిలు సెకండ్‌హ్యాండ్‌ది,
ఇంకా తొమ్మిది కంతులుండాయి దానికి.

సీతారాంపురం దాకా దోవ నాకు కొత్త కాదు.
పదకొండేళ్ళుగా ఆ లైను నాది.
ఏ స్తంభం ఒరిగిందో, ఏ పింగాణీ చిప్ప పగిలిందో,
ఏ తీగ మీద ఉడత కాలిపోయిందో
చీకట్లో లేపి అడిగినా చెబుతా.
అందుకే ఎత్తొచ్చినప్పుడల్లా కొండని చూడలా.
స్తంభాన్ని చూశా. అదైనాక ఇంకోదాన్ని.
యాభై మీటర్ల ముక్కలుగా కోస్తే
ఏ కొండైనా నోటికి పడుతుంది.

మధ్యాహ్నం ఎండ పైనించి రాలా,
రాళ్ళలోంచి లేచి గడ్డం కింద కొట్టింది.
చొక్కా ఉప్పుదేలి అట్టకట్టింది.
వెనక టైర్లో తుమ్మముల్లు, మళ్ళీ తుమ్మముల్లు,
మూడోసారి అతుకు మీదే అతుకు.
బెంగుళూరు నించొచ్చిన కుర్రోడొకడు
(వాడి సైకిలు నా రెండేళ్ళ జీతం)
వాగు ఇసకలో పిక్క పట్టేసి వెల్లకిలా పడున్నాడు.
కాలు పట్టి వంచా. ఉప్పేసిన చింతపండు ఉండ నోట్లో పెట్టా.
"ఇంకా ఎంతుందన్నా?"
దగ్గరే అన్నా.
ఆ అబద్ధం కాస్త నాక్కూడా మిగిలింది.

భైరవకోన మలుపులో గౌసియా,
చెక్క గరిటెలు చెక్కే ఇంటి పిల్ల,
రాగిజావ పోస్తా నా కళ్ళు చూసి
"దిగిపో మామా, జీపుండాది" అనింది.
జీపు వైపు చూడకుండా తాగా.
తాగినాక చూశా.
సీట్లు మెత్తగానే ఉన్నట్టుండాయి.

తరవాత అడవి.
ఆఖరు స్తంభం నేను దగ్గరుండి నాటించిందే.
దాని స్టే వైరు పట్టుకొని కాసేపు నిలబడ్డా,
అవతల నాకు లెక్క లేదు.

వెలిగొండ పేర్లో వెలుగుందనుకునేవాణ్ణి చిన్నప్పుడు.
రాత్రి రెండింటికి, దీపం పసుపుపచ్చబడ్డాక,
నల్లగా ఉన్నదల్లా వెలిగొండే.
ఎర్రచందనం చెట్లు దోవకడ్డంగా వచ్చి నిలబడి
నేను దగ్గరికి పోతే తప్పుకుంటన్నాయి.
పందెం పక్కోడితో అనుకున్నది సాయంత్రం ఆరుదాకానే.
ఆ తరవాత నా మోకాలితో.
ఇప్పుడు ఎవరితోనో గుర్తులేదు.
తొక్కడం ఎప్పుడో పోయింది, నెట్టుకుంటా నడుస్తున్నా.

అప్పుడు వినబడింది, లైనే లేని అడవిలో,
తీగ రొద.
పదకొండు కేవీ రొద, నాకు తెలీదా.
తలెత్తి చూస్తే చుక్కలే.
"సప్లై ఇచ్చేదా?" ఎవరో అడుగుతున్నారు ఫోన్లో అడిగినట్టు.
"ఇవ్వబాకండి, పైన మనిషుండాడు!"
అరిచా. కొండ కూడా అరిచింది.
ఆ పైన ఉన్న మనిషి మాలకొండయ్య కాకూడదనుకున్నా.
ఆ రోజు ఫోను ఎత్తింది నేను కాదు.
అయినా అనుకున్నా.

గడువుకి పందొమ్మిది నిమిషాలుండగా ఉదయగిరిలో దిగా.
తోరణం కింద జనం, పెద్ద గడియారం మాత్రం నల్లగా.
కరెంటు పోయి పావుగంటైందంట.
"ముప్పై ఎనిమిదా? నువ్వు లైన్‌మేన్‌వి కదయ్యా!"

సైకిలు గోడకానించి ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచా,
అప్పుడే పుట్టిన దూడ నడక.
స్విచ్చి దించి, ఒకటికి రెండుసార్లు చూసుకొని,
ఫ్యూజు తీగ మూడు చుట్లు.
రాత్రి ఎక్కిన ఎత్తులు ఇంతసేపు పట్టలా.
వెలిగింది. చప్పట్లు కొట్టారు.
గడియారం సున్నాల దగ్గర మొదలైంది,
నా టైము అందులో లేదు.

గౌసియా వాళ్ళ నాయన కొత్త గరిటె ఒకటి తీసి
కాడ మీద బాల్‌పెన్నుతో రాసిచ్చాడు:
ఇరవైతొమ్మిది గంటల నలభై ఒక్క నిమిషం.

ఇంటికొచ్చి పడ్డానంట.
దుప్పటి కింద కాళ్ళు తొక్కుతానే ఉండాయంట.
చెంచులక్ష్మి రెండు మడమలూ గట్టిగా పట్టుకొని
"దిగు, ఇల్లొచ్చింది" అనిందంట.